గుణించాలా, భాగించాలా? యూనిట్లనే అడుగు

ప్రశ్న: సార్, నేను ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం, ఇప్పుడంతా ఇంగ్లిష్. బాటనీ, జువాలజీ ఎలాగో నెట్టుకొస్తున్నాను గానీ కెమిస్ట్రీ దగ్గరే ఆగిపోతున్నాను. పదార్థం, యూనిట్లు, సాంద్రత, మోల్ అన్నీ మొదటి పది రోజుల్లోనే చెప్పేశారు. యూనిట్లు మార్చమంటే గుణించాలో భాగించాలో తెలియక ఏదో ఒకటి చేసేస్తున్నాను. మోల్ డెఫినిషన్ బట్టీ పట్టాను, అదెందుకో మాత్రం అర్థం కాలేదు. వీక్లీ టెస్టులో 20కి 6 వచ్చాయి. నాన్న సీఈసీకి మారిపొమ్మంటున్నారు. నాకేమో నర్సింగో ఫార్మసీయో చేయాలని ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, గ్రూపు మారే సంగతి తర్వాత చూద్దాం. ముందు నీకు వచ్చిన 6 మార్కుల గురించి. పది రోజుల్లో మోల్ దాకా లాక్కెళ్తే క్లాసులో సగం మంది పరిస్థితి ఇదే. వాళ్లు పైకి చెప్పరు, నువ్వు ఉత్తరం రాశావు. "ఏదో ఒకటి చేసేస్తున్నాను" అన్నావు చూడు, జబ్బు అక్కడుంది. దానికి మందు కూడా పెద్దదేమీ కాదు.

పదార్థం గురించి ఎక్కువ చెప్పను. ద్రవ్యరాశి ఉండి, కొంత చోటు ఆక్రమించేది ఏదైనా పదార్థమే. ఘన, ద్రవ, వాయు స్థితులు, మూలకం, సంయోగ పదార్థం, మిశ్రమం, ఇవన్నీ నువ్వు తొమ్మిదిలోనే చదివావు. ఇంగ్లిష్ పేర్లు ఒక పేజీలో రాసుకుని గోడకు అంటించుకో, వారంలో అలవాటైపోతాయి. వాటి మీద రోజులు ఖర్చు పెట్టకు. అసలు పని కొలత దగ్గర మొదలవుతుంది.

మీ ఇంట్లో వంటనూనె ప్యాకెట్ ఉంటే తీసి చూడు. చాలా ప్యాకెట్ల మీద 1 లీటరు అని, దాని పక్కనే 910 గ్రాములు అని ఉంటుంది. లీటరు అంటే అది ఆక్రమించే చోటు, గ్రాములంటే అందులో ఉన్న సరుకు. ఈ రెంటినీ కలిపేదే సాంద్రత, అంటే లీటరుకు 910 గ్రాములు. నీళ్లయితే లీటరుకు దాదాపు 1000 గ్రాములు. నూనె అంతకంటే తక్కువ, అందుకే నీళ్ల మీద తేలుతుంది. నువ్వు సాంద్రత సూత్రాన్ని బట్టీ పట్టి ఉంటావు. ఆ సూత్రం ప్యాకెట్ మీదే అచ్చయి ఉంది.

ఇప్పుడు లెక్క. 250 మిల్లీలీటర్ల నూనె ఎన్ని గ్రాములు? గుణించాలా, భాగించాలా అని ఆలోచించకు. నీ చేతిలో ఉన్నది లీటర్లలో ఉంది (0.25 లీ.), కావాల్సింది గ్రాములు. అంటే లీటర్లు పోయి గ్రాములు మిగలాలి. నూనె సాంద్రతను భిన్నంలా రాయి: పైన 910 గ్రా., కింద 1 లీ. ఇప్పుడు 0.25 లీటర్లను దాంతో గుణిస్తే పైనున్న లీటరు, కిందున్న లీటరు కొట్టివేతకు పోతాయి. మిగిలింది గ్రాములే: 227.5. తిరగేసి అడిగారనుకో, అర కిలో నూనె ఎన్ని మిల్లీలీటర్లు? ఈసారి పోవాల్సింది గ్రాములు, కాబట్టి గ్రాములు కిందికి రావాలి. అదే భిన్నాన్ని తలకిందులుగా రాయి: పైన 1 లీ., కింద 910 గ్రా. 500 గ్రాములను దాంతో గుణిస్తే 0.549 లీటర్లు, అంటే సుమారు 549 మిల్లీలీటర్లు. పొరపాటున భిన్నాన్ని మొదటిలాగే ఉంచేశావనుకో, జవాబు పక్కన "గ్రాము గ్రాము బై లీటరు" అని అర్థం లేని యూనిట్ వస్తుంది. తప్పు చేశావని అదే చెప్పేస్తుంది. అయితే ఒక షరతు. లెక్కలో ప్రతి అంకె పక్కనా దాని యూనిట్ రాయాలి, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా. చివర్లో ఒక్కసారి తగిలిస్తే చాలదు. నువ్వు అలా రాయడం లేదని, అంకెలు మాత్రం రాసుకుంటూ పోతున్నావని నా అనుమానం.

ఇంత చిన్న విషయానికి ఇంత గొడవ ఎందుకంటావేమో. కెనడాలో 1983 జూలై 23న ఏం జరిగిందో చెబుతాను, దాంట్లో ఉన్నది అచ్చం నీ సాంద్రత లెక్కే. ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్ వెళ్లాలి. ఇంధనం చూపించే మీటర్లు పనిచేయడం లేదు. ట్యాంకుల్లో కడ్డీ దించి కొలిస్తే 7,682 లీటర్లు ఉన్నట్టు తేలింది. ప్రయాణానికి కావాల్సింది 22,300 కిలోలు. ఉన్నది లీటర్లలో, కావాల్సింది కిలోల్లో. మధ్యలో సాంద్రత కావాలి. వాళ్లకు అలవాటైన అంకె 1.77. 7,682ని 1.77తో గుణించారు, 13,597 వచ్చింది. 22,300లోంచి అది తీసేస్తే 8,703. దాన్ని మళ్లీ 1.77తో భాగించి, 4,916 లీటర్లు నింపమన్నారు. కూడికలు, తీసివేతలు అన్నీ ఒప్పే.

కానీ ఆ 1.77 లీటరుకు పౌండ్లలో. కిలోల్లో అయితే 0.803 వాడాలి. కెనడా అప్పుడే మెట్రిక్ పద్ధతిలోకి మారుతోంది. ఈ కొత్త విమానం కిలోల్లో లెక్క అడుగుతుంటే, చేతికి అలవాటైన అంకె మాత్రం పాత విమానాల నాటిది. 7,682 లీటర్ల పక్కన "లీ." అనీ, 1.77 పక్కన "పౌండ్లు బై లీ." అనీ ఎవరైనా రాసి ఉంటే, 13,597 పక్కన "పౌండ్లు" అని వచ్చేది. కిలోల్లోంచి పౌండ్లు తీసేయడమేమిటని అక్కడే చేయి ఆగేది. సరైన లెక్క నువ్వే చేసి చూడు, నింపాల్సింది 20 వేల లీటర్లకు పైనే. వాళ్లు నింపింది అందులో పావు వంతు కూడా లేదు.

41 వేల అడుగుల ఎత్తులో ఎగురుతుండగా ఇంధనం అడుగంటింది, కాసేపటికి రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉండబట్టి విమానాన్ని గాల్లో తేలిస్తూ గిమ్లీ అనే ఊళ్లో వాడకం మానేసిన పాత వైమానిక స్థావరం రన్‌వే మీద దించగలిగాడు. విమానంలో ఉన్న 69 మందీ బతికారు. ఈ లెక్క నోట్సులో ఒక పేజీలో యూనిట్లతో సహా చేసి పెట్టుకో. సాంద్రత మీద పాతిక బిట్లు చేసినా రాని పట్టు దీనితో వస్తుంది.

ఇంకొక చోట కూడా నీలాంటి పిల్లలు పడిపోతుంటారు. అది ఘనపరిమాణం. మీటరుకు 100 సెంటీమీటర్లు అని అందరికీ తెలుసు. ఘనపు మీటరుకు ఎన్ని ఘనపు సెంటీమీటర్లు అంటే సగం మంది 100 అనే అంటారు. పొడవులో 100, వెడల్పులో 100, ఎత్తులో 100, మొత్తం 10 లక్షలు. మేడల మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు చూశావుగా, దాంట్లో పట్టేది సరిగ్గా ఒక ఘనపు మీటరు. నిండితే నీళ్ల బరువే ఒక టన్ను.

పెట్రోలు బంకులో మిషను మీద సాంద్రత అని ఒక అంకె కనిపిస్తుంది, 745 లాంటిది. యూనిట్ కిలోలు బై ఘనపు మీటరు. దాన్ని గ్రాములు బై ఘనపు సెంటీమీటరులోకి మార్చు. పైన కిలోకు 1000 గ్రాములు, కింద ఘనపు మీటరుకు 10 లక్షల ఘనపు సెంటీమీటర్లు. 0.745 వస్తుంది, సరిపోయింది. అదే కింద 100 అని వేసుకుంటే 7,450 వస్తుంది. బంగారం సాంద్రతే 19.3. పెట్రోలు బంగారం కంటే మూడు వందల రెట్లకు పైగా బరువా? జవాబు రాగానే ఇలాంటి ప్రశ్న ఒకటి వేసుకోవడం అలవాటు చేసుకో. నీళ్లు 1, నూనె 0.91, ఇనుము 7.9, బంగారం 19.3, ఈ నాలుగూ గుర్తుంటే చాలా తప్పులు అక్కడికక్కడే దొరికిపోతాయి.

సార్థక సంఖ్యలు, అంటే కొలతలో నమ్మదగిన అంకెలు, నీకు ఇంకా చెప్పి ఉండకపోవచ్చు, ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. బంగారం కొట్లో తక్కెడ 10.000 గ్రాములు అని చూపిస్తుంది, కూరగాయల బండి మీద ఎలక్ట్రానిక్ కాటా అయిదేసి గ్రాముల చొప్పున మారుతుంది. బంగారం తక్కెడలో చుక్క తర్వాతి మూడు సున్నాలు ఊరికే లేవు, మిల్లీగ్రాము దాకా కొలిచామని చెబుతున్నాయి. పైన నూనె లెక్కలో 227.5 వచ్చింది గానీ, ఇచ్చిన అంకెల నమ్మకాన్ని బట్టి 228 అని రాస్తే సరిపోతుంది.

బంగారం మాట వచ్చింది కాబట్టి, మీ నాయనమ్మను తులం ఎంత అని అడుగు. ఇప్పుడు కొట్లలో తులం అంటే 10 గ్రాములే లెక్క. పాత చట్టబద్ధమైన తులం 11.66 గ్రాములు. సేరు, మణుగు, సోల, తవ్వ, మానిక, కుంచం, ఇవి ఊరు మారితే కొలత మారేవి. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చాక దేశమంతా మెల్లగా కిలోలు, లీటర్లలోకి మారింది. కిలో కూడా ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. 1889 నుంచి పారిస్ దగ్గర భద్రపరిచిన ప్లాటినం-ఇరిడియం స్తంభం ఒకటి ప్రపంచానికంతటికీ కిలోగా ఉండేది. 2019 మే 20 నుంచి దాన్ని పక్కన పెట్టి, ప్లాంక్ స్థిరాంకం అనే, ప్రకృతిలో ఎక్కడా మారని ఒక విలువ ఆధారంగా కిలోను నిర్వచించారు. అదే రోజు మోల్‌కు కూడా కొత్త నిర్వచనం అమల్లోకి వచ్చింది: 6.02214076 × 10²³ కణాలు, అంతే. పాత పుస్తకాల్లో 12 గ్రాముల కార్బన్-12 అని మొదలయ్యే పొడుగాటి వాక్యం ఉంటుంది. నువ్వు బట్టీ పట్టింది అదైతే మర్చిపోయినా నష్టం లేదు.

ఇక మోల్ ఎందుకంటే, రసాయన చర్యల్లో కణాలు లెక్క ప్రకారం కలుస్తాయి, గ్రాముల ప్రకారం కాదు. ఇన్ని పరమాణువులకు ఇన్ని పరమాణువులు అని. మన చేతిలో ఉన్నదేమో తక్కెడ. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం, తూచగలం. ఒకే అచ్చు అయిదు రూపాయల నాణేలు, ఒక్కోటి 6 గ్రాములు, ఒక సంచిలో ఉన్నాయనుకో. సంచి కాకుండా 3 కిలోలు తూగితే లోపల 500 నాణేలున్నాయని విప్పకుండానే చెప్పేయొచ్చు. మోల్‌తో చేసేది ఈ పనే. నీటి అణుభారం 18, కాబట్టి 18 గ్రాముల నీళ్లు తూస్తే 6.022 × 10²³ అణువులు లెక్కపెట్టినట్టే. పెద్ద గ్లాసుతో 180 మిల్లీలీటర్ల నీళ్లు తాగితే 10 మోల్‌లు తాగావు.

నువ్వు నర్సింగ్, ఫార్మసీ అంటున్నావు కాబట్టి మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ ప్యాకెట్‌నే తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉన్నదే కొను, పండ్ల రసం డబ్బాల్లో అమ్మేది వద్దు. వెనక లీటరు నీటికి ఎంతెంత ఉందో గ్రాముల్లో ఉంటుంది: సోడియం క్లోరైడ్ 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9, గ్లూకోజ్ 13.5. ఉప్పు 2.6 ఏమిటి, గ్లూకోజ్ 13.5 ఏమిటి, ఈ అంకెలు ఎవరో నోటికొచ్చినట్టు రాసినట్టుంటాయి. గ్రాముల్లో చూసినంతసేపూ అలాగే ఉంటాయి. మోల్‌లలోకి మార్చు.

గ్లూకోజ్ మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ తూగేది, 180 గ్రాములు బై మోల్. 13.5 గ్రాములను దాంతో భాగిస్తే గ్రాములు పోయి మోల్‌లు మిగులుతాయి: 0.075. అంటే 75 మిల్లీమోల్‌లు. ఇక సోడియం. అది రెండు చోట్ల నుంచి వస్తోంది. సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, మోల్‌కు 58.5 గ్రాములు, కాబట్టి 44 మిల్లీమోల్‌లకు కొంచెం పైన. సోడియం సిట్రేట్ మోల్‌కు 294 గ్రాములు (రెండు నీటి అణువులతో కలిపి). 2.9 గ్రాములంటే దాదాపు 10 మిల్లీమోల్‌లు. కానీ ఒక్కో సిట్రేట్‌కు మూడేసి సోడియంలు, కాబట్టి 30. రెండూ కలిపితే 74, 75 దగ్గరికి వచ్చింది. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో చూడు, సోడియం 75, గ్లూకోజ్ 75 అనే ఉంటుంది.

సోడియం 75, గ్లూకోజ్ కూడా 75. అది కావాలని పెట్టిన సమానం. మన చిన్నపేగుల గోడల్లో సోడియంనూ గ్లూకోజ్‌నూ జంటగా లోపలికి తీసుకునే ప్రోటీన్ ఉంది. వాటి వెనకే నీళ్లు పోతాయి. విరేచనాలతో ఒళ్లు ఎండిపోతున్న పిల్లాడికి ఉత్త నీళ్ల కంటే ఓఆర్ఎస్ నీళ్లు నిలబడేది అందుకే. గ్రాముల్లో చూస్తే ఈ సంగతి నీకు జన్మలో కనిపించదు. మోల్ ఎందుకు అని అడిగావు కదా, నా దగ్గర ఇంతకంటే మంచి జవాబు లేదు. నీ జువాలజీ పుస్తకానికీ కెమిస్ట్రీ పుస్తకానికీ ఇక్కడ చుట్టరికం కూడా కలిసింది.

రేపు నువ్వు వార్డులోకో మందుల షాపులోకో వెళ్లాక యూనిట్ల పని ఇంకా పెరుగుతుంది. పిల్లలకిచ్చే పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములదీ ఉంటుంది, 250దీ ఉంటుంది. చెంచా అదే, మందు రెట్టింపు. థైరాయిడ్ మాత్రలు 25, 50, 100 అని ఉంటాయి, అవి మైక్రోగ్రాములు. 50 మైక్రోగ్రాములంటే 0.05 మిల్లీగ్రాములు. చీటీలో "మైక్రో"ను "మిల్లీ"గా చదివితే తేడా వెయ్యి రెట్లు. అక్కడ అంచనాతో పని చేయకూడదు కాబట్టే ఇక్కడ ఇప్పుడు నిన్ను విసిగిస్తున్నాను.

ఇంగ్లిష్ మీడియం గురించి. ప్రశ్న చదవగానే మొత్తం అర్థం కావాలని కూర్చోకు. ముందు పెన్సిల్‌తో అంకెలకూ వాటి యూనిట్లకూ గీత గీయి. "ఇచ్చింది" అని ఒక వరుస, "కావాల్సింది" అని ఇంకో వరుస తెలుగులోనే రాసుకో, రఫ్ పేజీ ఎవరూ దిద్దరు. రెండు వరుసల యూనిట్లనూ కలపడానికి ఏ భిన్నం కావాలో చూసుకో. ఇంటర్ మొదటి పాఠంలో వచ్చే లెక్కలు చాలావరకు ఈ పద్ధతికి లొంగిపోతాయి. ఉష్ణోగ్రత ఒక్కటే వేరు. సెల్సియస్‌ను కెల్విన్ చేయాలంటే 273.15 కలపాలి, అక్కడ గుణకారం ఉండదు.

రోజుకు ఎన్ని లెక్కలు చేయాలని అడుగుతారు అందరూ. నీకు మూడు చాలు, ఒక్కో అంకె పక్కన యూనిట్ ఉంటేనే. లేకుండా ముప్పై చేసినా నాకు సంతోషం లేదు.

మీ నాన్నగారి మాట. ఆయన కోప్పడి అనలేదు, నీ టెన్షన్ చూసి అన్నారనుకుంటాను. సీఈసీ తక్కువ గ్రూపేమీ కాదు. కామర్స్ అంటే నీకు ఇష్టముంటే హాయిగా వెళ్లు. కానీ నీకు ఇష్టమున్నది నర్సింగ్, ఫార్మసీ. ఒక వీక్లీ టెస్టును చూసి దాన్ని వదులుకోవడం నాకు నచ్చలేదు. కాలేజీలో గ్రూపు మార్పుకు చివరి తేదీ ఎప్పుడో ఆఫీసులో అడిగి తెలుసుకో. ఆ తేదీ వరకు గడువు ఇమ్మని నాన్నను అడుగు. గిమ్లీ లెక్క, ఓఆర్ఎస్ లెక్క ఆయన ముందు కూర్చుని చేసి చూపించు, నూనె ప్యాకెట్ పక్కన పెట్టుకుని మరీ. అప్పటికీ అసలు మనసు ఒప్పకపోతే మారడంలో తప్పు లేదు. మీ లెక్చరర్ దగ్గరికి కూడా ఒకసారి వెళ్లు. "మోల్ రాలేదు సార్" అనకు, అలా అంటే ఆయన మళ్లీ డెఫినిషన్ చెబుతారు. నువ్వు యూనిట్లతో చేసిన ఒక లెక్క పట్టుకెళ్లి, ఈ వరుసలో ఆగిపోయానని చూపించు.

ఒక లెక్క ఇస్తున్నాను, చేసి పంపించు. ఇంటి గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోల ఎల్పీజీ ఉంటుంది. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. నువ్వు మాత్రం అంతా బ్యూటేనే అనుకో, మోల్‌కు 58 గ్రాములు. లోపల ఒత్తిడి మీద ద్రవంగా ఉన్నదంతా బయటికొచ్చి వాయువైతే, గది ఉష్ణోగ్రత దగ్గర మోల్‌కు సుమారు 24.5 లీటర్ల చోటు పడుతుంది. మొత్తం ఎన్ని లీటర్లు? జవాబు 6 వేల దగ్గర రావాలి, అంటే మేడ మీది నల్ల ట్యాంకులు ఆరు. నీకు ఉత్త 6 లీటర్లే వచ్చిందంటే, 14.2 పక్కన ఉన్న కిలోలను గ్రాములు చేయకుండా వదిలేశావన్నమాట.